కంచె వేయండి, ప్రాణం తీయకండి



వేరుశనగకు ఊడలు దిగే రోజులు వస్తున్నాయి. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులు వస్తున్నాయి. అడవి అంచున ఉన్న మన పల్లెల్లో రైతుకు కంటిమీద కునుకు లేని రోజులు ఇవే. చీకటి పడితే అడవి పందులు గుంపుగా దిగుతాయి. అవి తిన్నదానికంటే పెళ్ళగించి తొక్కిందే ఎక్కువ. ఈ రోజుల్లోనే కొందరు చేను చుట్టూ తీగ లాగి, రాత్రికి దానికి కరెంటు కలుపుతున్నారు. అందుకే ఈ వారం ధ్యానం కంచె గురించి. ప్రాణం పోయాక భూస్థాపన దగ్గర చెప్పే ఆదరణ మాటలు వేరు. అవి చెప్పవలసిన అవసరం రాకుండా ఇప్పుడే ఈ మాట చెప్పాలని ప్రభువు మమ్మల్ని ప్రేరేపించాడు.

మేము చెప్పదలచింది సూటిగా ముందే చెబుతాం. కంచె వేయడం తప్పు కాదు. ముళ్ళతీగ వేసుకోవడం తప్పు కాదు. ఆ తీగకు కరెంటు కలపడం మాత్రం చట్టం ముందు నేరం, దేవుని ముందు రక్తాపరాధం. విశ్వాసి చేనులో అది ఉండకూడదు.

కంచె వాక్యంలో ఉన్నదే

"అయ్యగారూ, అన్నీ దేవుడే కాపాడతాడని ఊరుకోమంటారా?" అని ఎవరైనా అడగవచ్చు. కాదు ప్రియులారా. మార్కు సువార్త 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం చూడండి. ఆ యజమాని ద్రాక్షతోట నాటించి ఊరుకోలేదు. చుట్టూ కంచె వేయించాడు, గోపురం కట్టించాడు. ఆ గోపురం కాపలావాడు కూర్చునే చోటు, మన మంచె లాంటిది. యెషయా 5వ అధ్యాయంలో దేవుడు తన సొంత తోటను గురించి మాట్లాడుతున్నప్పుడు ఆ తోటకూ కంచె ఉంది. దాన్ని తీసివేయడమే ఆయన చెప్పిన శిక్ష. అంటే కంచె ఉండడం ఆశీర్వాదమే.

80వ కీర్తన ఇంకా దగ్గరగా వస్తుంది. ఐగుప్తులో నుండి తెచ్చి నాటిన ద్రాక్షావల్లితో ఇశ్రాయేలును పోల్చి, దాని కంచెలు కూలిపోయాయని, దారిన పోయేవాళ్ళు దాన్ని తెంపుకుంటున్నారని, అడవి పంది దాన్ని పాడుచేస్తోందని భక్తుడు మొరపెట్టుకుంటాడు. అడవి పంది! రాత్రంతా డబ్బా కొట్టి, తెల్లవారి చేను చూసి తల పట్టుకునే రైతు కన్నీరు పరిశుద్ధ గ్రంథానికి కొత్త కాదు. దేవునికి ఆ బాధ తెలుసు. మేము కూడా దాన్ని తక్కువ చేసి మాట్లాడడం లేదు.

మన తాతల కాలంలో రేగుకంప, తుమ్మకంప కొట్టి చేను చుట్టూ వేసేవారు. గట్టున బ్రహ్మజెముడు, కిత్తనార పెంచేవారు. కంప ఏటేటా పుచ్చిపోయేది, చెదలు తినేది, మళ్ళీ కొట్టాలి. ఇప్పుడు రాతి కడీలు పాతి, నాలుగైదు వరసలు ముళ్ళతీగ లాగితే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. జింకు పూత ఉంటుంది కాబట్టి తొందరగా తుప్పు పట్టదు. గొడ్డు ఒకసారి ఒరుసుకుంటే మళ్ళీ దగ్గరికి రాదు. ఇది మంచి పనిముట్టే. అయితే ఏ పనిముట్టు అయినా ఎవరి చేతికి వెళ్ళింది, దేనికి వాడారు అన్నది చూడాలి. ఈ తీగ చరిత్రే దానికి సాక్ష్యం.

ఆవు కోసం పుట్టి, మనిషి దాకా వచ్చింది

ముళ్ళతీగను కనిపెట్టింది సైనికులు కాదు, రైతులు. అమెరికా దేశంలోని మైదానాల్లో కంచెకు కావలసిన కలప, రాయి దొరికేవి కావు. పశువులు చేలల్లో పడేవి. మామూలు తీగ కడితే ఒరుసుకుని తెంపేసేవి. ఇల్లినాయిస్ రాష్ట్రంలోని డీకాల్బ్ అనే ఊళ్ళో జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు దీనికి మంచి ఉపాయం కనిపెట్టాడు. తీగకు ముల్లు చుట్టి, దాని పక్కన ఇంకో తీగ వేసి రెండింటినీ మెలిపెట్టాడు. ఆ మెలికలో ముల్లు ఇరుక్కుని పక్కకు జరగదు. 1874 నవంబరు 24న ఆయనకు దానిమీద పేటెంటు వచ్చింది. ఈనాటికీ మనం కొనే చుట్టలో ఉన్నది దాదాపు అదే మెలిక.

తొందరలోనే దాని రెండో ముఖం కనిపించింది. టెక్సాస్‌లో పెద్ద భూస్వాములు వేల ఎకరాల చుట్టూ తీగ లాగారు. నీళ్ళ దగ్గరికి, ప్రజల దారులకు కూడా అడ్డం పడ్డాయి. పేద పశువుల కాపరులు రాత్రిళ్ళు తీగలు కత్తిరించారు. 1883లో అది తుపాకులు పేల్చుకునే దాకా వెళ్ళింది. మరుసటి ఏడాది ప్రభుత్వం తీగ కత్తిరించడాన్ని నేరం చేస్తూనే, ప్రజల దారికి అడ్డంగా కంచె వేసినవాళ్ళు గేట్లు పెట్టి తీరాలని కూడా చట్టం చేసింది. 1886 జనవరిలో మంచు తుపాను వచ్చినప్పుడు గాలికి ఎదురు నిలవలేక దక్షిణానికి నడిచిన పశువులు ఆ కంచెల దగ్గర ఆగిపోయి, దాటలేక, ఒకదాని మీద ఒకటి పడి వేల సంఖ్యలో చచ్చిపోయాయి. పశువులను ఆపడానికి వేసిన కంచె పశువులనే చంపింది.

తర్వాత అది మనుషుల మీదికి వచ్చింది. దక్షిణాఫ్రికాలో 1899 నుండి 1902 వరకు జరిగిన యుద్ధంలో ఆంగ్లేయులు బోయర్ల పొలాలు తగలబెట్టి, ఆడవాళ్ళను, పిల్లలను, అక్కడి నల్లజాతి ప్రజలను శిబిరాల్లో బంధించారు. యోధులు తప్పించుకోకుండా మైళ్ళ కొద్దీ ముళ్ళతీగ లాగారు. 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల ముందు చుట్టలు చుట్టలుగా పరచిన తీగలో చిక్కుకుని ఎందరో యువకులు ప్రాణాలు విడిచారు. చివరికి ఆష్విట్జ్. హిట్లరు సైన్యం ఆక్రమించిన పోలండులో యూదులను చంపిన శిబిరం అది. అక్కడి ముళ్ళతీగల్లో కరెంటు పారేది.

ముళ్ళతీగకు కరెంటు కలిపే పని లోకంలో ఎక్కడెక్కడ జరిగిందో తెలిశాక, అదే పని మన చేనుకు చేయడానికి చేయి రావాలా? మన రైతు ఉద్దేశం అది కాదని మాకు తెలుసు. పంట నిలవాలన్నదే అతని ఉద్దేశం. కానీ తీగకు ఆ ఉద్దేశం తెలియదు.

మంచె మీది మనిషి అడుగుతాడు

మంచె మీద కూర్చున్న కాపలా మనిషి చప్పుడు వినగానే ఏమంటాడు? "ఎవరది?" అంటాడు. పంది అయితే వడిసెల తిప్పుతాడు, డబ్బా కొడతాడు. దారి తప్పిన మనిషి అయితే దారి చూపిస్తాడు. దొంగ అయితే కేకేసి నలుగురిని పిలుస్తాడు. పక్క చేని రైతు మోటారు వేయడానికి పోతుంటే "జాగ్రత్త పెద్దయ్యా, అక్కడ బురద ఉంది" అంటాడు.

కరెంటు తీగ "ఎవరది?" అని అడగదు. దానికి పందీ ఒకటే, పసివాడూ ఒకటే. చీకటిలో అది కనిపించదు. తడి నేల, ఒట్టి కాళ్ళు, చెమట పట్టిన చేయి, ఇంతే చాలు. ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల కరెంటే మనిషి ప్రాణం తీయగలదు. మోటారు లైనులో అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఆ కరెంటుకు చేతి కండరాలు బిగుసుకుపోతాయి. పట్టుకున్న తీగను వదలాలన్నా వదలలేరు. పక్కనున్నవాడు లాగబోయి తానూ అంటుకుపోతాడు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం ఇదే.

కొన్నేళ్ళ క్రితం ఒక పల్లెలో మేము ఒక సహోదరుని భూస్థాపన జరిపించాం. తప్పిపోయిన మేకపిల్లను వెదుక్కుంటూ రాత్రి వెళ్ళాడు. తొంబది తొమ్మిదింటిని విడిచి ఒకదాని కోసం వెళ్ళిన కాపరి కథ మనం ఎన్నిసార్లు చెప్పుకున్నాం! ఈ కాపరి తిరిగి రాలేదు. తీగ పెట్టిన రైతు పరాయివాడు కాదు, ఇద్దరూ ఒకే బోరు నీళ్ళు పంచుకున్నవాళ్ళు. ఆ ఇంట్లో భర్త పోయాడు. ఈ ఇంట్లో భర్త జైలుకు పోయాడు. ఏ పంట కోసం తీగ పెట్టారో ఆ పంటను కోసేవాళ్ళు లేరు. కోర్టు ఖర్చులకు ఆ చేను కూడా అమ్ముకున్నారు. రెండు కుటుంబాల పిల్లలూ అదే బడికి, అదే దారిన వెళ్ళాలి.

వాక్యం ఎవరిని బాధ్యుని చేస్తోంది?

"మేము మనుషుల కోసం పెట్టలేదు, వాళ్ళే వచ్చి తగులుకున్నారు" అనే మాట వింటూ ఉంటాం. ఈ మాటకు మోషే ధర్మశాస్త్రం ఎప్పుడో జవాబు చెప్పింది.

మొదటిది, గొయ్యి. నిర్గమకాండము 21వ అధ్యాయం చివర చూడండి. ఒకడు గొయ్యి తవ్వి మూయకుండా వదిలేస్తే, అందులో ఎద్దో గాడిదో పడి చస్తే, గొయ్యి తవ్వినవాడే నష్టం కట్టాలి. "నీ ఎద్దు నా గోతి దగ్గరికి ఎందుకు వచ్చింది?" అని అడిగే హక్కు అతనికి లేదు.

రెండవది, పొడిచే ఎద్దు. అదే అధ్యాయంలో ఉంది. ఎద్దు పొడుస్తుందని తెలియక జరిగితే ఒక తీర్పు. పొడుస్తుందని ముందే తెలిసి, పదిమంది చెప్పినా కట్టివేయకుండా వదిలితే, అప్పుడు యజమాని ప్రాణానికే ముప్పు. కరెంటు తీగ ప్రాణం తీస్తుందని ఈనాడు తెలియని రైతు ఎవరున్నారు? ప్రతి ఏడూ పేపరులో వస్తూనే ఉంది. మనది తెలిసి వదిలిన ఎద్దు.

మూడవది, పిట్టగోడ. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, ఎవరైనా జారిపడితే ఆ ఇంటిమీదికి రక్తదోషం వస్తుందని దేవుడు హెచ్చరించాడు. చూశారా, దేవుడు అడిగిన కంచె ఎలాంటిదో! మన మిద్దె ఎక్కిన పొరుగువాడు పడిపోకుండా ఆపేది. మన ఆస్తికంటే ముందు వాని ప్రాణం ఆయనకు గుర్తొచ్చింది.

ఇక దొంగ సంగతి. నిర్గమకాండము 22వ అధ్యాయంలో, రాత్రివేళ కన్నం వేస్తూ దొరికిన దొంగను కొట్టగా చస్తే ఒక లెక్క, పొద్దు పొడిచాక అదే జరిగితే కొట్టినవాని మీద రక్తాపరాధం. దొంగ ప్రాణానికి కూడా దేవుడు విలువ కట్టాడు, చీకటికీ వెలుతురుకూ తేడా చూశాడు. తీగ ఆ తేడా చూడలేదు. అయినా మన తీగలకు తగిలి పోయినవాళ్ళు దొంగలు కారు. చేపలకు వెళ్ళినవాళ్ళు, బహిర్భూమికి వెళ్ళినవాళ్ళు, మేకలు తోలుకొచ్చేవాళ్ళు, కొన్నిసార్లు ఆ తీగ కట్టిన రైతే, తీసేయడం మరిచిపోయి పొద్దున్నే చేలోకి అడుగుపెట్టినవాడు.

దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. అనుమతి లేకుండా లైను మీద కొక్కెం వేస్తే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద కరెంటు దొంగతనం. అడవి జంతువు చస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. మనిషి చస్తే, నిర్లక్ష్యం అనుకున్నా భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద 5 ఏళ్ళ వరకు జైలు, ప్రాణం పోతుందని తెలిసి చేశారని తేలితే ఇంకా పెద్ద సెక్షన్. పై అధికారులకు లోబడమని రోమా 13లో చదువుకునే మనం ఇది తెలియదనకూడదు.

"పంట పోతే ఎవరిస్తారు అయ్యగారూ?"

ఇది నిజమైన ప్రశ్న. అప్పు తెచ్చి విత్తనం కొన్న రైతుకు "ప్రార్థన చేయండి" అని మాత్రం చెప్పి పంపేస్తే అది సువార్త కాదు. అందుకే తెలిసిన మార్గాలు కూడా రాస్తున్నాం.

సోలార్ ఫెన్సింగ్ వేరు, లైను కరెంటు వేరు. సోలార్ ఫెన్సింగులో యంత్రం సుమారు సెకనుకు ఒకసారి క్షణకాలం మాత్రమే దెబ్బ పంపుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య విరామం ఉంటుంది కాబట్టి జంతువైనా మనిషైనా అదిరిపడి వెనక్కి వస్తారు. సరైన యంత్రం కొని, తెలిసినవాళ్ళ చేత బిగించుకుని, కనిపించేలా బోర్డు పెట్టాలి. సోలార్ అని పేరు పెట్టి లోపల లైను కరెంటు కలిపితే అది పాత పాపమే.

ఖర్చు పెట్టలేనివాళ్ళు పాత చీరలు చుట్టూ కడుతున్నారు. వేరుశనగ చుట్టూ కుసుమ వరుసలు, మొక్కజొన్న చుట్టూ ఆముదం వరుసలు వేస్తున్నారు. కుసుమ ముళ్ళు పందికి గిట్టవు. ముళ్ళతీగ వేసుకునేవాళ్ళు అడుగు వరస నేలకు దగ్గరగా, బిగుతుగా లాగాలి. పంది దూకేది కాదు, దూరేది. అడవి జంతువుల వల్ల పంట పోతే అటవీ శాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. కౌలు రైతుకు కాగితాలు లేక అది దొరకడం కష్టమని మాకు తెలుసు. ఆ కాగితాల కోసం కలిసి తిరగడానికి చదువుకున్న సంఘ యౌవనస్థులు ముందుకు రావాలి.

అన్నిటికంటే పాతది, మంచిది, వంతుల కాపలా. యెషయా 27లో దేవుడు తన ద్రాక్షతోటకు దివారాత్రములు తానే కాపలా కాస్తానంటాడు. దేవుడే కాపలా కాస్తుంటే, కాపలా మనకు చిన్నతనం ఎలా అవుతుంది? పది చేల రైతులు కలిసి రాత్రికి ఇద్దరు చొప్పున మేలుకుంటే, ఒక్కొక్కరికి ఐదు రాత్రులకు ఒక వంతు వస్తుంది. మనం ఒకరి కోసం ఒకరం మేలుకోవడం మానేశాం కాబట్టే ఆ పని కరెంటు తీగకు అప్పగించాం.

సంఘంగా మన నిర్ణయం

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయంలో ఒక విధి ఉంది. పొలంలో ఎవరో చంపబడి పడి ఉంటే, చంపింది ఎవరో తెలియకపోతే, పెద్దలు వచ్చి దూరం కొలవాలి. ఏ ఊరు దగ్గరైతే ఆ ఊరి పెద్దలు పెయ్యను తెచ్చి, చేతులు కడుక్కుని, ఈ రక్తం తాము చిందించలేదని, తమ కళ్ళు చూడలేదని దేవుని ముందు ఒప్పుకోవాలి. ప్రియులారా, మన ఊరి పొలంలో ఎవరైనా పడిపోతే మన సంఘ పెద్దలు ఆ మాట అనగలరా? ఏ చేనుకు రాత్రిళ్ళు కరెంటు పెడుతున్నారో ఊరందరికీ తెలుసు కదా.

అందుకని పెద్దలతో మాట్లాడి మూడు సంగతులు తీర్మానించుకున్నాం. ఒకటి, ఈ వారం నుండి పెద్దలు ఇద్దరిద్దరుగా చేలకు వెళ్ళి మాట్లాడతారు. తగువుకు కాదు, బ్రతిమాలడానికి. రెండు, వంతుల కాపలాకు పేర్లు ఆరాధన తర్వాత రాసుకుంటాం. సంఘంలో లేని పొరుగు రైతులను కూడా పిలవండి. మూడు, కరెంటు తీగ పెట్టిన చేను నుండి తెచ్చే కానుకను కోత పండుగ రోజున బల్లమీద పెట్టం. ఇది కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. యూదా తిరిగి ఇచ్చిన వెండి నాణేలను, యేసును చంపించిన ప్రధాన యాజకులే రక్తపు వెల అని కానుకల పెట్టెలో వేయడానికి జంకారు. వాళ్ళకున్న ఆ కాస్త భయమైనా మనకు లేకపోతే ఎలా? ఆ తీగ తీసేసిన రోజున మీ మొదటి గంప మేమే ఎదురొచ్చి అందుకుంటాం.

ఒక జాగ్రత్త అందరూ గుర్తుంచుకోండి. ఎవరైనా తీగకు అంటుకుంటే ముట్టుకోకండి. ముందు ఫ్యూజు తీయండి, స్టార్టరు ఆపండి. 1912కు ఫోను చేసి లైను ఆపించండి, 108ని పిలవండి. పిల్లలకు ఇంట్లో ఇది చెప్పండి.

ముళ్ళు నేల శపింపబడిన రోజున మొలిచాయని ఆదికాండము 3వ అధ్యాయం చెబుతోంది. మన ప్రభువు ఆ ముళ్ళను ఇంకొకరి మీదికి తోయలేదు. తన తలమీద కిరీటంగా పెట్టించుకున్నాడు. ఆయన బిడ్డలమైన మనం మన పంట కోసం ఇంకొకరి బిడ్డకు మరణాన్ని తీగ కట్టి ఉంచకూడదు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా చేలను, మా కష్టాన్ని ఎరిగిన దేవా, అడవి మృగాల నుండి మా పంటను కాపాడుము. మా కంచెల వల్ల ఏ తల్లీ ఏడవకుండా మమ్మల్ని కాపాడుము. రాత్రివేళ నడిచేవారి అడుగులను కాయుము. మేలుకొని ఒకరి చేను ఒకరం కాచుకునే ప్రేమ మాకు దయచేయుము. తీగ తీయడానికి భయపడుతున్న సహోదరునికి ధైర్యమిమ్ము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.